హైదరాబాదులో అందుబాటు ధరలో మంచి సిగార్: దుకాణం ఎంపిక, కొనుగోలు, నిల్వ

హైదరాబాదులో సిగార్ కొనేవారు మొదట అడిగేది ధర గురించే. అయితే ఈ ఊళ్లో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఖరీదైన సిగార్ కొన్నప్పుడు కాదు, ఏప్రిల్, మే ఎండలకు ఎండిపోయినదాన్నో వానాకాలంలో బూజు పట్టినదాన్నో పూర్తి ధర పెట్టి కొన్నప్పుడు. పొగాకును శ్రద్ధగా కాపాడే దుకాణదారుడు ఒక్కరు దొరికితే మధ్యరకం ధరలోనే మంచి సరుకు ఏడాది పొడవునా దొరుకుతుంది. ఆ దుకాణం నిలబడాలంటే మనం కొనే తీరు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. అందుకే ఈ వ్యాసంలో దుకాణం ఎంపికకు, నిల్వకు ఎక్కువ చోటు ఇచ్చి, బ్రాండ్ల పేర్లకు తక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా ఆరోగ్యం సంగతి

ఇది 18 ఏళ్లు నిండి, ఇప్పటికే సిగార్ కాల్చే అలవాటున్న వారికోసం రాసినది. అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం ఏమీ లేదు. సిగార్ పొగను లోపలికి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదన్న మాట స్నేహితుల మధ్య తరచు వినిపిస్తుంది, కానీ అది నిజం కాదు. పొగను నోట్లోనే ఉంచి వదిలేసినా నోరు, గొంతు, అన్నవాహికలకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలిని ఎంత పాడుచేస్తుందో మన వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. కాబట్టి నెలకు ఎన్ని అన్న లెక్క ముందే పెట్టుకుని, దాన్ని వీలైనంత తక్కువగా ఉంచుకోవడం అన్నిటికన్నా పెద్ద పొదుపు. లెక్క చేయి దాటుతోందనిపిస్తే, మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత సహాయవాణి 1800-112-356 ఉంది.

మొదటి మెట్టు: ధర ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవడం

మన దగ్గర దొరికే మంచి సిగార్లు దాదాపు అన్నీ దిగుమతి సరుకే. క్యూబా, నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్ దేశాల్లో చుట్టిన సిగార్ మీద ఇక్కడ దిగుమతి సుంకం పడుతుంది, ఆ పైన జీఎస్టీలో అన్నిటికన్నా ఎక్కువ రేటున్న శ్రేణి పన్ను పడుతుంది. అందువల్ల విదేశీ సమీక్షల్లో చవక అని రాసిన సిగార్ ఇక్కడ చవకగా ఉండదు. ఆ జాబితాలు పట్టుకుని దుకాణానికి వెళితే నిరాశే మిగులుతుంది. ఇక్కడి ధరలో మన చేతిలో ఉన్న అంశాలు మూడే: సైజు, లోపలి ఆకు రకం, దేశం.

సైజును రెండు అంకెలతో చెబుతారు. మొదటిది అంగుళాల్లో పొడవు, రెండోది మందం. ఈ మందాన్ని రింగ్ గేజ్ అంటారు, అంగుళంలో 64వ వంతు దానికి కొలమానం. రోబుస్టో అంటే 5 అంగుళాల పొడవు, 50 గేజ్. కరోనా సుమారు ఐదున్నర అంగుళాలు, 42 గేజ్. చర్చిల్ 7 అంగుళాల వరకు ఉంటుంది. మందం కొద్దిగా తగ్గినా పొగాకు చాలా తగ్గుతుంది, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది అడ్డుకోత వైశాల్యం. ఒకే పొడవున్న 50 గేజ్ సిగార్‌తో పోలిస్తే 42 గేజ్ దానిలో పొగాకు సుమారు 30 శాతం తక్కువ. కరోనాకన్నా పొట్టిదైన పెటిట్ కరోనా అరగంటలో ముగుస్తుంది, చర్చిల్‌కు గంట దాటుతుంది. రాత్రి భోజనం తరువాత అరగంట కూర్చునే తీరిక మాత్రమే ఉన్నవారు చర్చిల్ కొని సగంలో పారేయడం నేను చాలాసార్లు చూశాను. అలాంటివారికి పెటిట్ కరోనా అన్నివిధాలా మేలు. చిన్న సైజు ధర పొగాకు తగ్గినంతగా తగ్గదు, చుట్టే పని రెండింటికీ ఒకటే కాబట్టి. అయినా అదే బ్రాండు రుచి తక్కువ డబ్బుకు చూడాలంటే ఇంతకన్నా తిన్నని దారి లేదు.

ఇక ఆకు. సిగార్‌లో మూడు పొరలు ఉంటాయి. పైన కనబడే నున్నని ఆకు రాపర్, దాని కింద పట్టి ఉంచేది బైండర్, లోపల నింపినది ఫిల్లర్. ఫిల్లర్ ఆకులు సిగార్ పొడవునా అఖండంగా ఉంటే లాంగ్ ఫిల్లర్ అని, ముక్కలుగా ఉంటే షార్ట్ ఫిల్లర్ అని అంటారు. లాంగ్ ఫిల్లర్ నెమ్మదిగా, చల్లగా కాలుతుంది, బూడిద గట్టిగా నిలుస్తుంది. షార్ట్ ఫిల్లర్ త్వరగా కాలుతుంది, నాలుకకు పొగాకు తునకలు తగులుతాయి. అంతమాత్రాన షార్ట్ ఫిల్లర్ అంతా నాసిరకం కాదు. క్యూబాలోనే హోసే ఎల్. పియెద్రా, క్వింతెరో అనే బ్రాండ్లు ముక్క ఆకుతో చేతితో చుట్టినవి. గరుకైన మట్టివాసన గల క్యూబన్ రుచి తక్కువ ఖర్చుతో తెలుసుకోవాలంటే అవి నిజాయితీగల సరుకు. యంత్రం మీద చేసిన చిన్న సిగార్లు, ఉదాహరణకు విల్లిగర్ వంటి యూరప్ రకాలు, రుచిలో లోతు లేనివే అయినా ఎండు పద్ధతిలో తయారవుతాయి కాబట్టి మన ఎండలకు అంతగా చెడవు. ఇటలీ తోస్కానో కూడా అలాంటిదే. పొగబెట్టి ఆరబెట్టిన కెంటకీ ఆకుతో చేసే ఆ ముడతల సిగార్‌ను మధ్యకు కోసి రెండు పూటలకు వాడుకోవడం అక్కడి ఆచారం. ఇంట్లో తేమ పెట్టె పెట్టుకోలేనివారు ఇటువంటి ఎండు రకాలతో సరిపెట్టుకుంటే నష్టం ఉండదు.

దేశం విషయంలో నా అభిప్రాయం గట్టిది. డబ్బు చూసుకునేవారు క్యూబా పేరు వెంట పడనక్కరలేదు. 2022లో కోహిబా, ట్రినిడాడ్ అనే క్యూబా బ్రాండ్ల ధరలను ప్రపంచమంతటా ఒకే ఎత్తుకు తెచ్చాక ఆ రెండూ మామూలు కొనుగోలుదారుకు దూరమైపోయాయి. అదే డబ్బులో కొంతభాగానికి నికరాగువాలోని ఎస్తెలీ లోయ ఆకుతో చుట్టిన లాంగ్ ఫిల్లర్ దొరుకుతుంది, చుట్టిన తీరులో అది చాలాసార్లు క్యూబన్‌ను మించుతుంది. మిరియాల ఘాటు ఇష్టమైతే నికరాగువా, తేలికగా మెత్తగా కావాలంటే డొమినికన్ సిగార్ మీద లేత రంగు కనెక్టికట్ రాపర్, ఈ రెండు గుర్తులతో మొదలుపెడితే చాలు.

మన చుట్ట గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్ట, తమిళనాడులోని తిరుచ్చి, దిండిగల్ ప్రాంతాల చెరూట్ సిగార్ జాతివే. చెరూట్‌కు రెండు కొసలూ తెరిచే ఉంటాయి కాబట్టి కత్తెరతో పని లేదు. ఘాటు ఎక్కువ, ధర చాలా తక్కువ. దిగుమతి సిగార్ రుచి వీటిలో వెతకడం తప్పు. చుట్టను చుట్టగానే తీసుకోవాలి. కాకపోతే దాన్నీ దిగుమతి సిగార్లనూ ఒకే పెట్టెలో ఉంచకూడదు, లంక ఆకు వాసన అన్నిటికీ పట్టేస్తుంది.

రెండో మెట్టు: దుకాణాన్ని పరీక్షించడం

హైదరాబాదులో సిగార్లు నాలుగు రకాల చోట్ల కనబడతాయి. పెద్ద హోటళ్ల లాంజ్‌లు, మద్యం అమ్మే పెద్ద షాపుల కౌంటర్లు, సీసాలోనో గాజు పెట్టెలోనో నాలుగైదు సిగార్లు నిలబెట్టిన పాన్ డబ్బాలు, చివరగా పొగాకే ప్రధాన వ్యాపారంగా ఉన్న దుకాణాలు. లాంజ్‌లో నిల్వ బాగుంటుంది కానీ కుర్చీ ధర కూడా సిగార్‌లో కలుస్తుంది. మద్యం షాపు కౌంటర్లో అంతా ఆ షాపు యజమాని శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. పాన్ డబ్బాలో తేమ ఏర్పాటు ఉండదు కాబట్టి అక్కడ ఎండు రకాలు తప్ప చేతితో చుట్టినవి కొనకపోవడం మంచిది. మనం వెతకవలసింది నాలుగో రకం. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్, గచ్చిబౌలి వైపు కొత్తవి ఉంటాయి, ఆబిడ్స్, సికింద్రాబాద్ వైపు పాత కుటుంబాలు నడిపేవి ఉంటాయి. అద్దాల తలుపులు, సోఫాలు చూసి మంచి చెడ్డలు తేల్చకండి.

మొదటిసారి వెళ్లడానికి సరైన సమయం మే నెల మధ్యాహ్నం. బయట 40 డిగ్రీలు దాటి, గాలిలో తేమ అడుగంటి ఉన్నప్పుడు దుకాణం అల్మారా ఎలా ఉందో అదే దాని అసలు స్థితి. అల్మారా లోపల తేమ, ఉష్ణోగ్రత చూపే మీటరు ఉందా, దానిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉందా అన్నది చూడండి. మీటరే లేకపోతే అక్కడితో మీకు జవాబు దొరికినట్టే. మీటరు ఉండి అంకె 50 దగ్గర ఉంటే, దాన్ని రోజూ ఎవరూ చూడడం లేదని అర్థం. కరెంటు పోతే అల్మారా పరిస్థితి ఏమిటని కూడా అడగవచ్చు. ఆలోచించి పెట్టుకున్న యజమాని వెంటనే చెబుతాడు.

తరువాత సరుకు. ముట్టుకునే ముందు తప్పక అడగండి. చాలామంది దుకాణదారులు పెట్టె తెరిచి తామే చూపిస్తారు, ప్లాస్టిక్ కవరు ఉన్నవైతే చేతికిస్తారు. సిగార్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కినప్పుడు కొద్దిగా లోపలికి వెళ్లి తిరిగి పైకి రావాలి. చిటపట చప్పుడు వస్తే ఎండిపోయింది. మెత్తగా నొక్కుపడి అలాగే ఉండిపోతే తేమ ఎక్కువైంది. ఒక చోట గట్టిగా ముడిలాగా తగిలితే ఆకు సరిగా పరచలేదు, అక్కడ పొగ ఆగిపోతుంది. రాపర్ అంచులు లేచి ఉన్నాయా, నిప్పు పెట్టే కొస దగ్గర పగుళ్లు ఉన్నాయా చూడాలి. గుండుసూది మొన అంత గుండ్రని రంధ్రం గానీ, పెట్టె అడుగున గోధుమరంగు పొడి గానీ కనబడితే అది పొగాకు పురుగు పని. ఆ పెట్టెలోంచే కాదు, పక్క పెట్టెలోంచి కూడా ఆ రోజు ఏమీ కొనకండి, దుకాణదారుడికి మాత్రం నెమ్మదిగా ఆ సంగతి చెప్పండి. తెల్లగానో పచ్చగానో నూగులాగా లేచినది బూజు. నిప్పు పెట్టే కొసలోకి కూడా బూజు వెళ్లిందంటే ఆ సిగార్ పనికిరాదు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఒక చిన్న ప్రశ్న: "అన్నా, ఈ పెట్టె ఎప్పుడు తెరిచారు?" నికార్సైన దుకాణదారుడు పెట్టె మూత లోపల రాసుకున్న తేదీ చూసి చెబుతాడు, లేదా "అది చాలా రోజులైంది సార్, మీరు ఇది తీసుకోండి" అని తనకు తక్కువ లాభం వచ్చేదాన్నైనా చూపిస్తాడు. అలా అన్నవాడి దగ్గరికి మళ్లీ వెళ్లండి. "ఇక్కడ అన్నీ ఫ్రెష్షే" అని ప్రతి పెట్టె గురించీ ఒకే మాట చెప్పేవాడికి తన సరుకు తెలియదు.

మూడో మెట్టు: సక్రమమైన సరుకేనా అని చూడడం

చవక కోసం వెతికేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. సక్రమంగా దిగుమతైన పెట్టె మీద మన చట్టం ప్రకారం ప్రధాన భాగాల్లో 85 శాతం మేర ఆరోగ్య హెచ్చరిక బొమ్మ ఉండాలి, దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఎంఆర్‌పీ ఉన్న స్టికరు ఉండాలి. ఒక్కొక్కటిగా కొనేటప్పుడు కూడా "పెట్టె ఒకసారి చూపించండి" అని అడగండి. పెట్టె ఎంఆర్‌పీని అందులోని సిగార్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కోదాని న్యాయమైన ధర తెలిసిపోతుంది, బేరమాడే పని తప్పుతుంది. హెచ్చరిక బొమ్మ లేని మెరిసే పెట్టె, బిల్లు ఇవ్వని అమ్మకం, సగం ధర అన్న మాట, ఈ మూడూ కలిసి వచ్చాయంటే అది దొంగసరుకు లేదా నకిలీ.

నకిలీలు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది కోహిబా పేరుతో. గాజు మూత ఉన్న కోహిబా పెట్టె ఎవరైనా చూపిస్తే ఇక పరీక్ష అక్కరలేదు, క్యూబా సంస్థ అలాంటి పెట్టెలు తయారుచేయదు. అసలు క్యూబన్ పెట్టెకు ఆకుపచ్చని హామీ ముద్ర అతికించి ఉంటుంది, అడుగున కాల్చి వేసిన అక్షరాలతో పాటు ఫ్యాక్టరీ సంకేతం, పెట్టె నింపిన నెల, సంవత్సరం ఉంటాయి. సిగార్లకు చుట్టిన కాగితపు పట్టీల (బ్యాండ్ల) మీద ముద్రణ మసకగా ఉన్నా, ఒకే పెట్టెలో బ్యాండ్లు హెచ్చుతగ్గుల్లో ఉన్నా, సిగార్ల రంగు ఒక్కోటి ఒక్కోలా ఉన్నా అనుమానించాలి.

మన ఊళ్లో గల్ఫ్ నుంచీ అమెరికా నుంచీ వచ్చే బంధువులు లేని ఇల్లు అరుదు కాబట్టి శంషాబాద్ విమానాశ్రయం సంగతి కూడా చెప్పాలి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సొంత వాడకానికి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది సాధారణంగా 25 సిగార్ల వరకే, అది కూడా సిగరెట్ల వాటా వాడుకోకపోతేనే. బావమరిది దుబాయి నుంచి తెచ్చిన పెట్టెను మీరు కాల్చుకోవచ్చు. అలా వచ్చినవాటిని ఫోన్ గ్రూపుల్లో అమ్మేవారి దగ్గర కొనడం మాత్రం పన్ను కట్టి కూర్చున్న దుకాణదారుడి పొట్టకొట్టడమే.

నాలుగో మెట్టు: కొనే పద్ధతి

మొదటిసారి ఏ సిగారైనా రెండు కొనండి, ఒకటి కాదు, పెట్టె కాదు. మొదటిదాన్ని ఇంటి పెట్టెలో వారం రోజులు ఉంచి కాల్చండి, రెండోదాన్ని నెల తరువాత. రెండూ బాగుంటేనే ఆ సిగార్ మీకు నప్పినట్టు. మొదటిది బిగుసుకుపోయి రెండోది బాగుంటే లోపం ఆ ఒక్కదానిదే. రెండూ చేదుగా ఉంటే అది మీకు సరిపడే ఆకు కాదు, ధర ఎంత తక్కువైనా వదిలేయండి. బ్యాండు తీసి ఒక నోటుపుస్తకంలో అతికించి, పక్కన తేదీ, దుకాణం, ధర, రెండు మాటల్లో రుచి రాసుకుంటే ఏడాది తిరిగేసరికి మీకు ఏది గిట్టుబాటో ఆ పుస్తకమే చెబుతుంది.

ఖర్చు తగ్గించడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి దారి, ఒకే అభిరుచి ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పెట్టె తీసుకుని పంచుకోవడం. దుకాణదారుడికి పెట్టె ఒక్కసారిగా కదులుతుంది కాబట్టి అతడే ధర కొంత తగ్గించవచ్చు, పెట్టె కొత్తగా తెరిచినది కాబట్టి నిల్వ అనుమానం కూడా ఉండదు.

ఐదో మెట్టు: ఇంట్లో నిల్వ

ఎంత బాగా కొన్నా, ఎండాకాలంలో ఏసీ గదిలో టేబుల్ మీద వదిలేసిన సిగార్ కొద్ది రోజుల్లోనే ఎండిపోతుంది. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టడం ఇంకా తప్పు, ఆ గాలి పొడిగా ఉండడమే కాక నిన్నటి పులుసు వాసన కూడా ఆకుకు పడుతుంది. దేవదారు చెక్కతో చేసిన ఖరీదైన తేమ పెట్టె (హ్యుమిడార్) కొనాలని చాలామంది అనుకుంటారు. పాతిక సిగార్లలోపు ఉంచుకునేవారికి అది అనవసరం. కొత్త చెక్క పెట్టెను వాడకానికి ముందు తేమకు అలవాటు చేయకపోతే అదే సిగార్లలోని తేమను పీల్చేస్తుంది, పైగా చవక చెక్క పెట్టెల మూతలు మన ఎండకు వంకరపోతాయి.

దానికి బదులు వంటింటి సామాన్ల షాపులో దొరికే, నాలుగు వైపులా క్లిప్పులూ రబ్బరు అంచూ ఉన్న గాలి చొరబడని డబ్బా ఒకటి కొనండి. దాన్ని సబ్బుతో కడిగి, ఏ వాసనా లేకుండా పోయేవరకు రెండు మూడు రోజులు మూత తీసి ఆరనివ్వండి. దుకాణంలో అడిగితే ఖాళీ సిగార్ పెట్టెల్లోని పల్చని దేవదారు పలకలు ఇస్తారు, ఒకటి రెండు అడుగున వేయండి. తేమకు బోవేడా వంటి సంచులు వాడండి. ఇవి తేమ తగ్గితే వదులుతాయి, పెరిగితే పీల్చుకుంటాయి. వాటి మీద 62, 65, 69, 72 అని అంకెలు ఉంటాయి. హైదరాబాదు ఇళ్లలో 65 తీసుకోవడం మేలని నా అనుభవం. గది వెచ్చగా ఉన్నప్పుడు అదే శాతం దగ్గర గాలిలో నీరు ఎక్కువ ఉంటుంది కాబట్టి, చల్లని దేశాలకు సరిపోయే 70 ఇక్కడ బూజుకు దారితీస్తుంది. స్పాంజి రకం తేమ సాధనం వాడేవారు అందులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లలోని లవణాలు స్పాంజిని మూసేస్తాయి.

డబ్బాలో తేమను కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు ఒకటి ఉంచండి, అయితే దాని అంకెను పరీక్షించకుండా నమ్మకండి. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, కరిగిపోకుండా తడిముద్ద అయ్యేంతవరకే కొన్ని చుక్కల నీరు కలపండి. ఆ మూతనూ మీటరునూ ఒక జిప్ సంచిలో వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి అది 75 శాతం చూపాలి. 71 చూపితే మీ మీటరు నాలుగు తక్కువ చూపుతోందని డబ్బా మీద రాసుకోండి.

ఇక డబ్బా ఎక్కడ పెట్టాలి? ఆదర్శ ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీలు. మన ఇళ్లలో మే నెలలో అది జరిగే పని కాదు, కానీ 24 దాటకుండా ఎంతవరకు కాపాడితే అంత మంచిది, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ ఆకులో ముందునుంచే ఉన్న పురుగు గుడ్లు పొదిగే అవకాశం పెరుగుతుంది. పై అంతస్తులో స్లాబు కింద ఉన్న అటక, పడమటి ఎండ పడే గోడకు ఆనుకున్న బీరువా రెండూ పనికిరావు. ఇంటి మధ్యగదిలో నేలకు దగ్గరగా ఉన్న అర అన్నిటికన్నా చల్లగా ఉంటుంది. మే నెలలో రాత్రి ఏసీ నడిచే గదిలోని అలమరలో పెడితే మరీ మంచిది, డబ్బా మూత బిగుతుగా ఉంటే ఏసీ పొడి లోపలికి రాదు.

ఎక్కడ కొన్నదో నమ్మకం లేని సిగార్లను, వాటిలోని పురుగు గుడ్లు చచ్చేలా, ముందుగా గడ్డకట్టించడం సురక్షితం. జిప్ సంచిలో గాలి తీసేసి మూసి, ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి ఆ తరువాతే గది వేడికి తీసుకురావాలి. ఈ మెట్లు దాటేసి నేరుగా ఫ్రీజర్లో పడేస్తే రాపర్ చిట్లుతుంది. ఎండిపోయిన సిగార్‌ను బతికించేటప్పుడు కూడా తొందర పనికిరాదు. 62 సంచితో మొదలుపెట్టి రెండు మూడు వారాల తరువాత 65కు మార్చండి. ఒక్కసారిగా తేమ పెడితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు పగులుతుంది. పోయిన పరిమళం మాత్రం తిరిగి రాదు.

ఆరో మెట్టు: కాల్చడం

ఇందులో ఖర్చుకు సంబంధించినది కొంచెమే. నోట్లో పెట్టుకునే తలవైపు టోపీలా అతికించిన ఆకును రెండు మిల్లీమీటర్లు మాత్రమే కోయండి, లోతుగా కోస్తే రాపర్ ఊడిపోతుంది. పెట్రోలు లైటరు వాడితే ఆ వాసనే మొదటి పదినిమిషాలూ వస్తుంది, గ్యాస్ లైటరో పొడవాటి అగ్గిపుల్లో చాలు. నిమిషానికి ఒక్క దమ్ము మించితే ఎంత మంచి సిగారైనా చేదెక్కుతుంది. నాసిరకం అని తిట్టిన సిగార్లలో చాలావాటి తప్పు ఈ తొందరే. పొగ పీల్చవద్దు. పిల్లలు, వృద్ధులు, గర్భిణులు ఉన్న ఇంట్లో, మూసిన గదిలో, పక్క ఫ్లాటు కిటికీకి ఎదురుగా కాల్చవద్దు. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషిద్ధం, జరిమానా 200 రూపాయల వరకు ఉంటుంది.

ఏడో మెట్టు: దుకాణాన్ని నిలబెట్టడం

సిగార్ దుకాణం నడిపే మనిషి కష్టం కొనేవారికి కనబడదు. పాతిక సిగార్లున్న పెట్టె తెరిచిన క్షణం నుంచి దాని విలువ తరగడం మొదలవుతుంది, పెట్టుబడి మాత్రం చివరి సిగార్ అమ్ముడయ్యేవరకు తిరిగి రాదు. రోజంతా అల్మారా చల్లగా ఉంచిన కరెంటు బిల్లు వేరు. పొగాకు ప్రకటనలను చట్టం నిషేధించింది కాబట్టి అతడు బోర్డులు, కరపత్రాలతో జనాన్ని పిలవలేడు. విద్యాసంస్థలకు 100 గజాలలోపు అమ్మకూడదు కాబట్టి మంచి వ్యాపారం ఉన్న వీధులు అతడికి దొరకవు. ఇవన్నీ న్యాయమైన నిబంధనలే, ఉండవలసినవే. వాటిని పాటిస్తూ కూర్చున్నవాడికీ పాటించనివాడికీ తేడా చూపవలసింది కొనుగోలుదారులే.

చూపించే పద్ధతి ఇదీ. నచ్చిన దుకాణంలో నెలకు ఒకసారైనా కొనండి, ఒక్క సిగారైనా సరే, బిల్లుతో. కట్టరు, లైటరు, తేమ సంచులు కూడా అక్కడే తీసుకోండి. వాటిమీద వచ్చే లాభంతోనే చాలామంది అద్దె కడతారు. పెట్టెలో మిగిలిన ఆఖరి మూడు నాలుగు సిగార్లను జనం ముట్టుకోరు, నిల్వ బాగున్న దుకాణంలో వాటికి ఏ లోపమూ ఉండదు. వాటిని మీరు తీసుకుంటే అతడు కొత్త పెట్టె తెరవగలుగుతాడు. ఒకవేళ సిగార్ బిగుసుకుపోయినా, పురుగు పట్టినా, మిగిలిన ముక్కనూ బ్యాండునూ దాచి తీసుకెళ్లి చూపించండి. నలుగురి ముందు కాక, రద్దీ లేని వేళలో చెప్పండి. మంచి దుకాణదారుడు డబ్బు వాపసు ఇవ్వకపోయినా ఆ పెట్టెను పక్కన పెడతాడు, అది మీకు వాపసుకన్నా ఎక్కువ మేలు. గంటసేపు పెట్టెలన్నీ తెరిపించి, అతడి జ్ఞానమంతా తీసుకుని, చివరికి ఫోన్లో దొంగసరుకు ఆర్డరు పెట్టడం మాత్రం చేయకండి. ఇంట్లో పిల్లవాడిని సిగార్ తెమ్మని పంపకండి. 18 ఏళ్లలోపు వారికి అమ్మితే శిక్ష పడేది అతడికి, పిల్లవాడి ముందు ఆ సరుకు పెట్టినవారు మీరు. ఈ దుకాణం గురించి ఇతరులకు చెప్పాలనుకుంటే, ఇప్పటికే కాల్చే పెద్దవారికి మాత్రమే చెప్పండి.

మీకు నప్పిన సైజు ఆ దుకాణంలో ఎప్పుడూ ఉండాలంటే దాన్ని నోటితో చెప్పి వదిలేయకండి. సిగార్ పేరు, సైజు, నెలకు మీరు ఖాయంగా తీసుకునే సంఖ్య ఒక కాగితం మీద రాసివ్వండి, మొదటి పెట్టెకు కొంత అడ్వాన్సు కట్టి రసీదు తీసుకోండి, వచ్చిందని ఫోను చేసిన వారంలోపు వెళ్లి తెచ్చుకోండి. మే నెలలో అయితే సాయంత్రం పూట వెళ్లి, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకుండా నేరుగా ఇంటికి తెచ్చి డబ్బాలో పెట్టుకోండి.